ఏ రెండు వైర్లైనా

పల్పు ఫ్యాక్టరీ బాయిలర్ కాడ పనిచేసే ఇళవరసు
గోనెసంచిలో ఏందో మోసుకోని వచ్చినాడు.
మేకపిల్లేమో అనుకుంటి.
విప్పితే బండి.
మూరెడు పొడుగు, జానెడు చక్రాలు,
నాలుగు కాళ్ళకూ స్ప్రింగులు,
ఒళ్ళంతా ఆముదం జిడ్డు.

"బెంగుళూర్లో సెకండాండ్ కొన్నానక్కా.
నైట్రో ఇంజను. పిస్టన్ పట్టేసింది.
దీని నూనె చిత్తూర్లో దొరకదు,
మదరాసు నుంచి తెప్పించే ఓపిక నాకు లేదు.
కరెంటుకు మార్చిస్తావా?"

ముప్పై ఏండ్లుగా మోటర్లు చుడతా ఉండా.
కాలిన రాగి వాసన నా కొంగును
ఎన్ని ఉతుకులు ఉతికినా వదల్లేదు.
బొమ్మబండ్లు బాగుచేసేదాని మాదిరి కనబడతానా అని
అడగబోయి అడగలా.
వాని మొగం చూస్తే
ఈనలేక పడుకున్న ఆవును
ఆసుపత్రికి తోలుకొచ్చినోని మాదిరి ఉండాది.

పదైదు దినాలకు పార్సిల్ వచ్చింది.
పిడికిట్లో పట్టే మోటరు, మూడు వైర్ల తోక,
ఇటుకరాయంత బరువు బ్యాటరీ.
"దీంట్లో బ్రష్షులే లేవక్కా" అన్నాడు మురిసిపోతా.
నాకు చురుక్కుమంది.
గల్లాపెట్టె పక్కన డబ్బా నిండా కార్బన్ బ్రష్షులు,
మిక్సీలవి, గ్రైండర్లవి,
రాసుకోని రాసుకోని అరిగిపోయేవి.
అవి అరిగినందుకే గదా
నా కూతురు ఫీజు కట్టింది.

అయినా చెయ్యి ఊరకుంటుందా.
గ్రానైట్ కోసే మిషన్ నుంచి ఊడిన అల్యూమినియం పలక
కోసి, రుద్ది, బెజ్జాలు పొడిచి
మోటరుకు పీట వేసినా.
రెండు పండ్ల చక్రాల నడుమ
కరెంటు బిల్లు చించి పెట్టి
బిగించి లాగేసినా.
ఆ కాగితమంత సందు చాలు.
అంతకంటే దగ్గరైతే అరుస్తాయి,
దూరమైతే జారతాయి.

రిమోట్ నొక్కినాడు ముందుకి.
బండి ఎనక్కి దూకి
వార్నిష్ డబ్బాను పడదోసింది.
"అయ్యో, పద్దెనిమిది వేలక్కా!"
వాడు తలమీద చేతులు పెట్టుకుంటే
నాకు నవ్వు ఆగలా.
కొత్త బోరు మోటరు ఎదురు తిరిగి
నీళ్ళు సరిగ్గా తోయకుంటే ఏం చేస్తామురా?
మూడు వైర్లలో ఏ రెండైనా
అటుదిటు, ఇటుదటు.
మార్చి పెట్టినా.
ముందుకే పోయింది.

అప్పుడు తట్టింది నాకు.
బోరు మోటరుకు మాత్రం బ్రష్షు యాడుండాది?
వెయ్యడుగుల లోతు చీకట్లో
తాకకుండా తిప్పే ఆ మాయనే
ఇన్నేండ్లూ నా ఒళ్ళో పెట్టుకోని చుట్టినా.
ఓసి నువ్వా!
ఇంత పొట్టిదానివై వచ్చినావా!

అంతటితో అయిపోలా.
బలం జాస్తయ్యి ప్లాస్టిక్ పండ్లు రాలినాయి.
ఉక్కువి వేస్తే ఇరుసు మెలిదిరిగింది.
ఇరుసు మారిస్తే టైర్లు బూరెల్లా ఉబ్బి
రిమ్ములు వదిలేసినాయి.
ఒకచోట గట్టి చేస్తే
లోపం పక్కింటికి కాపురం మారుస్తుంది.
ఇళవరసు రెండు నెలల ఓటీ
చక్రాల కిందే పోయింది.
నేను కూలీ అడగలా.
అడుగుతా, ఇంకొంచెం కానీ.

జూన్ నెల, రెండో షిఫ్టు దిగే పొద్దు.
ఫ్యాక్టరీ ఎనకాల మామిడి టెంకల గుట్ట,
తోతాపురి పులుపు వాసన, ఈగలు జుమ్మని.
లోడర్లు, గేటు వాచ్‌మన్ చెంగల్రాయుడు, ఒక నల్లకుక్క
చూస్తా నిలబడినారు.
బండి గుట్ట ఎక్కింది.
పొగ లేదు, రొద లేదు,
చక్రాల కింద టెంకలు దొర్లే గలగల తప్ప.
కుక్క మొరగాలో వద్దో తెలీక
నా మొగం చూసింది.

పక్కన ఏందో సద్దు.
తిరిగి చూస్తే ఇళవరసు,
బాయిలర్ మంటకు మీసం ఎర్రబారిన మగోడు,
రిమోట్ గుండెకానించుకోని
పెదాలు బిగించి
తనకే తెలీకుండా
డుర్ర్ డుర్ర్ అంటా ఉండాడు.